దించని చెయ్యి

ఆ గంటల కొట్టంలో చెవులమ్మ అంటే ఒక్కతే. చెవులు పెద్దవని కాదు. మామూలు చెవులే, వాటికున్న దుద్దులూ మామూలువే. గంట ఎక్కడ తప్పుతోందో ఇట్టే పట్టేస్తుంది కనుక ఆ పేరు పడింది, పడ్డాక అసలు పేరు ఎవరికీ అవసరం రాలేదు. మేనమామ కంచు కరిగించి అచ్చులో పోస్తాడు. అచ్చు పగలగొట్టి తీసిన గంట మొదట్లో నానా కూతలూ కూస్తుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, లోపలి అంచు వెంట ఆకురాయితో కాస్త అరగదీసి, కొట్టి విని, మళ్ళీ కాస్త అరగదీసి దారికి తెచ్చేది చెవులమ్మ. ఆ తరువాత మెరుగు పెట్టేది ఆమె మొగుడు. ఈ మొగుడి సంగతి తరువాత చెబుతాను. చెవులమ్మ కూడా ఆయన్ని ఎప్పుడూ తరువాతకే వదిలేసేది.

ఈ పనిలో ఒక చిక్కుంది. అరగదీసిన కంచును మళ్ళీ అతికించడం ఎవరి తరమూ కాదు. ఒక్క పిసరు ముందు ఆగితే రేపు మళ్ళీ కూర్చోవచ్చు. ఒక్క పిసరు దాటితే ఆ గంట చచ్చినట్టే, తిరిగి మూసలో పడేసి కరిగించుకోవాల్సిందే. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క గంటా అలా పోలేదు. ఈ మధ్యే పోయింది.

అది ధ్యానమందిరానికి చేస్తున్న గంట. కొట్టింది కొట్టినట్టు హాయిగానే మోగేది, కానీ తోక భాగంలో, అంటే మోత సన్నబడి ఆగిపోయే చోట, ఆమెకో జీర వినిపించింది. ఆకురాయి అందుకుంది. జీర పోలేదు. ఇంకాస్త అరగదీసింది. పోలేదు. పక్కన మెరుగు గుడ్డతో కూర్చున్న మొగుడు చెయ్యి ఆపి, "ఇక చాలేమో" అన్నాడు.

"మీకేం వినిపిస్తుందండీ, మీ పని మీరు చూసుకోండి" అంది చెవులమ్మ, తల ఎత్తకుండానే.

ఆయన తన పని తను చూసుకున్నాడు. సాయంత్రానికి మేనమామ వచ్చి గంటను వేలితో ఒకసారి మీటాడు. మూకుడు మీద చెంచా తగిలినట్టు మోగింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"చూడమ్మాయ్" అన్నాడు, గంటను బోర్లించి. "ఇంకోటి పోస్తాను. అదీ పోయిందనుకో, ఆకురాయి పక్కన పెట్టేద్దాం. లేత్ మిషన్లున్న వాళ్ళున్నారు, శ్రుతి పని వాళ్ళకి ఇచ్చేద్దాం. నీకూ కాస్త విశ్రాంతి."

విశ్రాంతి! ఆ మాట ఆమెకు కర్రు కాల్చి వాత పెట్టినట్టే తగిలింది. ఆ కొట్టంలో ఆకురాయి లేని చెవులమ్మ ఎవరు? వచ్చినవాళ్ళకి టీ పోసే మేనకోడలు. అంతకంటే ఏమీ కాదు.

నిజం చెప్పాలంటే ఆమెకు లోలోపల ఒక అనుమానం ఉంది. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి తల దిండుకి ఆనిస్తే చెవిలో సన్నగా ఒక కూత. దూరంగా ఎవరో ఈల వేసి ఆపడం మరిచిపోయినట్టు ఉండేది. ఫ్యాను వేసుకుంటే వినిపించదు కనుక చలిలో కూడా ఫ్యాను వేసుకుంది. మొగుడు నోరెత్తకుండా రెండో దుప్పటి కప్పుకున్నాడు. చెవిలో మురికి చేరిందనుకుని గోరువెచ్చని నీళ్ళు పోసుకుంది, నూనె చుక్కలు వేసుకుంది, పుల్ల పెట్టి తిప్పుకుంది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెళితే ఆయన ఏదో ఒకటి చెబుతాడు కదా, అదీ ఆమె భయం.

గంట ఇవ్వడం ఆలస్యమవుతుందని చెప్పడానికి ధ్యానమందిరానికి వెళ్ళిన రోజున గుమ్మం పక్క బల్ల మీద రాసి ఉన్నది చదివింది. ఇంద్రియాలను శుద్ధి చేసుకునే ధ్యానం నేర్పుతారట, ఎవరైనా రావచ్చట. చెవి కూడా ఇంద్రియమే కదా. నూనెకు లొంగని మురికి దీనికి లొంగుతుందేమో అనుకుంది. మునిగేవాళ్ళు దేన్నయినా పట్టుకుంటారు, ఈమె ధ్యానాన్ని పట్టుకుంది.

ఆ మందిరం ఒకప్పుడు అచ్చు ఆఫీసు. నేల మీద సిరా మరకలు ఇంకా వదల్లేదు. మూడు సంప్రదాయాల బౌద్ధులు దాన్ని పంచుకుని వాడుకుంటారు. పొద్దున థేరవాదం వాళ్ళు, సాయంత్రం జెన్ వాళ్ళు, సెలవు రోజుల్లో వజ్రయానం వాళ్ళు. గోడ బీరువాలో మూడు అరలు, మూడు రకాల ఆసనాలు. సాయంత్రం వచ్చేవాళ్ళకి పొద్దుటివాళ్ళు కిటికీలు తెరిచిపెట్టి పోయారని గొణుగుడు. పొద్దుట వచ్చేవాళ్ళకి సెలవురోజు వాళ్ళ అగరు పొగ ఇంకా పోలేదని గొణుగుడు. మనసును అదుపులో పెట్టుకునేవాళ్ళకు కూడా కిటికీ అదుపులో ఉండాలి మరి! ముగ్గురికీ కలిపి ఒకే గంట చాలునన్న ఒప్పందానికి రావడానికే వాళ్ళకి ఏడాది పట్టింది. అందుకే ఆ గంట మీద అందరికీ అంత ధ్యాస.

చెవులమ్మ ముగ్గురు గురువులనూ విడివిడిగా పట్టుకుంది. ముగ్గురినీ అడిగింది ఒకే ప్రశ్న: "దీనివల్ల చెవి శుభ్రపడుతుందా?"

మొదట అడిగింది పొద్దుటి బృందాన్ని నడిపే భిక్షుణిని. గుండు, సన్నటి చేతులు, నవ్వితే ముఖమంతా ముడతలు. ఈ ప్రశ్నకు మాత్రం నవ్వలేదు.

"చెవికి మురికి అంటదమ్మా. విన్నాక మనం దానికి అంటిస్తాం. శబ్దం గుమ్మం దాకా వస్తుంది. మనం ఎదురెళ్ళి, నువ్వు ఫలానా, నువ్వు మంచి, నువ్వు చెడ్డ అని పేరు పెట్టి లోపలికి లాక్కొస్తాం. లేదా మెడపట్టి గెంటుతాం. మీరు ఆ రెండూ చెయ్యకండి. గుమ్మంలో కాపలా కూర్చోండి. వచ్చింది, వినడం అయింది, అంతే. 'వినడం' అని గుర్తుపట్టి ఊరుకోండి."

"పేరు పెట్టకుండా నా పని ఎలా అవుతుందమ్మా? అది జీర అవునో కాదో నేను చెప్పాలి కదా."

"చెబుదురుగాని. ముందు విని, ఆ తరువాత చెప్పండి" అంది భిక్షుణి.

జెన్ గురువు పూర్వం బస్సు నడిపేవాడు. అందుకేనేమో, మాటల్లో కూడా స్టాపు లేని చోట ఆగడు.

"కడగడానికి ఏమీ లేదు. కూర్చోండి."

"కూర్చుని ఏం వినాలండీ?"

"ఏదో వినాలన్నది వదిలేస్తే మిగిలేది."

"అంటే?"

"కూర్చోండి" అని ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

సెలవురోజుల లామా మాత్రం ఆమెకు బిస్కట్లు పెట్టి, తనూ రెండు తిని, పెద్దగా నవ్వి తీరిగ్గా చెప్పాడు. "మా పద్ధతిలో దేన్నీ వదులుకోం, అన్నీ ఇచ్చేస్తాం. మీకు బాగా నచ్చిన శబ్దం ఉందా? అది ప్రాణులందరికీ ఇచ్చేశానని తలచుకోండి. నచ్చనిది ఉందా? అదీ ఇచ్చేయండి. ప్రతి శబ్దమూ మంత్రమేనని వినండి, లారీ హారనైనా సరే. దాచుకున్న చెయ్యే మురికి పడుతుంది, తెరిచిన చేతికి మురికి ఎక్కడ నిలుస్తుంది?"

ఇంకెవరైనా అయితే ఒక దారి ఎంచుకునేవాళ్ళు. చెవులమ్మ పనివాళ్ళ మనస్తత్వం గలది, చేతికి మూడు పనిముట్లు దొరికితే మూడూ వాడి చూస్తుంది. పొద్దున లేచి కాపలా కూర్చునేది. మొగుడు ఆవలిస్తే 'వినడం' అనుకునేది. సాయంత్రం గోడకేసి కూర్చుని, మిగిలేదేమిటా అని ఎదురుచూసి ఎదురుచూసి కునుకు తీసేది. పక్కింటివాళ్ళు గోడకు డ్రిల్లింగు పెట్టిన రోజున ఆ మోతనంతా ప్రాణులందరికీ ఇచ్చేసింది. పాపం ప్రాణులు, ఏం చేసుకున్నాయో!

నవ్వడం తేలికే కానీ, రోజులు గడిచేకొద్దీ ఆమెలో చిన్న మార్పు వచ్చింది. ఏదైనా వినిపించగానే నుదురు ముడివేయడం తగ్గింది. ఇదివరకు తలుపు కిర్రుమంటే ఆ కిర్రును శ్రుతి చేద్దామా అన్నంత చిరాకు పడేది, ఇప్పుడు తలుపును తలుపులా కిర్రుమననిచ్చేది. ఇంకొకటి కూడా గమనించింది. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా, మొగుడు ఉన్నట్టుండి లేచి వంటింట్లోకి వెళ్ళేవాడు. వెళ్ళాక కాసేపటికి గాని ఆమెకు పొయ్యి మీది కెటిల్ మరిగి వేసే కూత వినిపించేది కాదు, ఒక్కోసారి అసలు వినిపించకుండానే టీ వచ్చేది. 'ఈయనకి టీ యావ ఎక్కువైంది' అనుకుంది. కాపలా ఎంత గట్టిగా కాసినా, మనకు ఇష్టం లేని సంగతి పెరటి దోవన తప్పించుకుపోతుంది.

చెవిలో కూత మాత్రం అలాగే ఉంది. రెండో గంట తయారైంది. దాని తోకలోనూ జీర ఉంది.

ఆ కొట్టంలో ఒక ఆనవాయితీ. గంటకు ఆఖరి ఆకురాయి పెట్టేముందు అది వేలాడబోయే చోటికి తీసుకెళ్ళి ఒకసారి మోగించి వింటారు. గది గదికీ మోత మారుతుంది, కొట్టంలో బాగున్నది మందిరంలో బాగుండకపోవచ్చు. ఆ విన్నదాన్ని బట్టి ఆఖరి చెయ్యి పడుతుంది. మందిరం దూలానికి గంట కట్టే రోజున మూడు బృందాలూ వచ్చాయి. మొగుడు గంట మోసుకొచ్చి, కట్టి, గోడవారన కూర్చున్నాడు. మేనమామ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి అందరికంటే ముందు కూర్చున్నాడు. చెవులమ్మ సంచిలో ఆకురాయి ఉంది. ఇక్కడ కూడా జీర వినిపిస్తే గంటను వెనక్కి పట్టుకెళ్ళి ఇంకాస్త అరగదీద్దామని వచ్చింది. అలా చేస్తే అదీ చచ్చిపోతుందేమోనన్న భయమూ ఉంది.

"గంట మోత ఎంత దూరం వెళుతుందో చూద్దాం" అంది భిక్షుణి. "అందరూ కళ్ళు మూసుకుని ఒక చెయ్యి ఎత్తండి. మోత వినిపించినంతసేపూ ఎత్తే ఉంచండి. మీకు ఆగిపోయాక దించండి. పక్కవాళ్ళని చూడకండి, ఇది పందెం కాదు."

జెన్ గురువు లేచి కొయ్య సుత్తితో కొట్టాడు.

మోత గది నిండా పరుచుకుంది. నిండుగా, బరువుగా ఉంది, ఎక్కడా తొట్రుపాటు లేదు. చెవులమ్మ ఎత్తిన చేతితో కాపలా కూర్చుంది. వినడం, వినడం. మోత సన్నబడింది. ఇంకా సన్నబడింది. అదిగో, జీర మొదలైంది. ఎప్పటిలా నుదురు ముడిపడబోయింది. చెయ్యి సంచివైపు పోబోయింది. ఎందుకో ఆ రోజు ఆగింది. పేరు పెట్టకుండా విందామనుకుంది. జీర అనుకోలేదు, గంట అనుకోలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు విన్నది.

సన్నని కూత. పెరగడం లేదు, తరగడం లేదు. గంట మోత అయితే తరగాలి కదా? ఆమెకు తెలిసిన గంటల్లో తరగని గంట ఏదీ లేదు. ఇదెప్పుడు మొదలైంది? సుత్తి దెబ్బతో మొదలవలేదు. దానికి ముందు కూడా ఉంది. మోత పైన ఉన్నంతసేపూ కింద దాక్కుని ఉంది, మోత వెళ్ళిపోగానే తల ఎత్తింది. అంతే.

కళ్ళు తెరిచింది. గది నిండా చేతులన్నీ ఒళ్ళలో ఉన్నాయి. ఆమె చెయ్యి ఒక్కటే పైన ఉంది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. "ఇంకా వినిపిస్తోందా మీకు!" అన్నారెవరో వెనకనుంచి. "చెవులమ్మ అని ఊరికే అన్నారా మరి" అన్నారింకెవరో. లామా చప్పట్లు కొట్టాడు. మేనమామ మీసం దువ్వుకుని, "మా చెల్లెలి కూతురు" అని పక్కవాళ్ళకి చెప్పడం ఆమెకు వినిపించింది. గోడవారన మొగుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన చూపులో మెప్పు లేదు, జాలి ఉంది. ఆ జాలిని ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. అది పాతదని, చాలా రోజులుగా అక్కడే ఉందని కూడా అర్థమైంది.

అప్పుడామె కూత సంగతి చెప్పకుండా చెయ్యి దించేసి ఉంటే సరిపోయేది. గంట బాగుంది, ఇక తాకక్కర్లేదు అని పెద్దరికంగా ఒక మాట అంటే ఈ గంట బతికేది, ఆకురాయి చేతిలో ఉండేది, పేరు రెట్టింపయ్యేది. నేనైతే దించేసేవాణ్ణేమో. మీ సంగతి మీకే తెలియాలి. కానీ దీని తరువాత ఇంకో గంట వస్తుంది. దాని తోకలోనూ జీర ఉంటుంది. మూసలోకి పోయిన మొదటి గంట ఆమె కళ్ళముందు మెదిలింది. దానిలో ఏ దోషమూ లేదు. నిక్షేపంలాంటి గంటను కూర్చోబెట్టి తన చేతులతో చంపింది. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

"ఒక్క నిమిషం" అంది, చెయ్యి దించి. "గంట కొట్టకండి. ఎవరూ మాట్లాడకండి."

గది నిశ్శబ్దమైపోయింది. గంట దూలానికి కదలకుండా వేలాడుతోంది. ఆ నిశ్శబ్దంలో చెవులమ్మ మెల్లగా మళ్ళీ చెయ్యి ఎత్తింది.

"నాకు ఇప్పుడూ వినిపిస్తోంది" అంది.

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది మేనమామకు. మీసం మీది చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

"చలికాలంనుంచీ ఉంది మావయ్యా. చెవిలో కూత. అది గంటలో ఉందనుకుని అరగదీశాను. మొదటి గంట మంచిదే. నేనే చంపాను."

ఎవరూ ఓదార్చలేదు, అది వాళ్ళ మంచితనమే. లామా నవ్వు ఆపి, అరచేతులు పైకి తెరిచి కూర్చున్నాడు, ఆమె ఇచ్చినదాన్ని అందుకుంటున్నట్టు. భిక్షుణి తల వంచింది. జెన్ గురువు చేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది.

"ఈ గంట ఎలా ఉంది?" అని అడిగాడాయన.

"కొట్టండి, చెబుతాను."

కొట్టాడు. ఈసారి ఆమె తన కూతను ఒక పక్కన కూర్చోబెట్టింది. పొమ్మనలేదు. నువ్వు నాదానివి, ఇక్కడే ఉండు అన్నట్టుగా ఉంచింది. రెండో పక్కనుంచి గంట మోత వచ్చింది, నడిచింది, సన్నబడింది, వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన చోట ఏ జీరా లేదు. ఇంత శుభ్రమైన మోతను చలికాలంనుంచీ ఆమె వినలేదు.

"దీనికి ఆకురాయి తగలకూడదు. అయిపోయింది" అంది. కళ్ళు తుడుచుకుంది కానీ గొంతు నిలకడగానే ఉంది.

డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, పరీక్షలు చేసి, ఆమె భయపడిన మాటే చెప్పాడు. కూత పోదు, సన్నని శబ్దాలు కొన్ని ఇక సరిగ్గా అందవు, అలవాటు చేసుకోవాలి. చెవులమ్మా మొగుడూ కొట్టానికి తిరిగొచ్చేసరికి మేనమామ కొలిమి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె సంచిలోంచి ఆకురాయి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. రెండో గంట బతికినా, వినలేనివాళ్ళు ఆకురాయి పట్టకూడదనుకుంది. ఆయన దానివైపు చూశాడే గాని తీసుకోలేదు.

"దారికి తేవడం ఇంకా వచ్చు మావయ్యా. చేతికి తెలుస్తుంది. ఎక్కడ ఆపాలో, అదొక్కటే నాకిక తెలియదు" అందామె.

"అది నేను చెబుతాను" అన్నాడు మొగుడు.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. కొట్టంలో ఆయన మాట్లాడితే తిరిగి చూడాల్సిందే, అంత అరుదు.

"నువ్వా?" అన్నాడు మేనమామ. "పిలిస్తే పలకవు, నువ్వు గంటలు వింటావా?"

"పిలుపు వినపడుతుంది మావయ్యా. పలకబుద్ధి కాదు." మెరుగు గుడ్డ భుజాన వేసుకున్నాడు. "చలికాలంనుంచీ ఇంట్లో కెటిల్ కూత వింటున్నది నేనే. మొదటి గంటకి ఇక చాలు అన్నదీ నేనే."

చెవులమ్మకు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి, రెండో దుప్పటితో సహా.

"తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?" అంది. కోపంగా అందామనుకుంది కానీ కోపం రాలేదు.

"నీ చెవి గురించి నీకు చెప్పేవాణ్ణా నేను? నువ్వే కనిపెడతావని చూశాను."

మేనమామ కాసేపు మీసం కొరుక్కుని, ఆకురాయిని బల్ల మీద ఆమెవైపు తోసి, బొగ్గులు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత పోసిన గంట చిన్నది, ఏదో బడికని. చెవులమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మొగుడు ఎదురుగా పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, మెరుగు మట్టితో ఎర్రబడ్డ చెయ్యి పైకెత్తాడు. ఆమె అరగదీసింది, కొట్టింది, ఆయన మొహం చూసింది. మళ్ళీ అరగదీసింది. నాలుగైదు సార్లయ్యాక మోత దారిలో పడిందని చేతికే తెలిసింది. ఇంకొక్కసారి కొట్టింది. మోత సన్నబడి సన్నబడి ఆమె కూతలో కలిసిపోయింది. ఇక ఏది ఏదో ఆమెకు తెలియదు. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది.

అలవాటుకొద్దీ ఆమె చెయ్యి ఆకురాయివైపు కదిలింది.

"ఉండు" అన్నాడాయన, కళ్ళు తెరవకుండా. "ఇంకా ఉంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఉండమంటే ఆమె ఉండడం అదే మొదలు. తనకు వినిపించని ఆ మోతను ఆయన మొహంలో చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఆయన చెయ్యి మెల్లగా దిగి మోకాలి మీద ఆనింది. అప్పుడామె ఆకురాయి పక్కన పెట్టి, గంటను ఆయన చేతికిచ్చింది.